బియ్యం త్రాసు మీద తూచిన భూమి

1వ రోజు

మీరు ఈ పొద్దున తాగిన నీళ్లలో నా తుంటి ఎముక కరిగి ఉంది. రుచి తెలియలేదు కదా? తెలియదు. వడపోత అంత బాగా చేస్తాం మేము.

ఇది కోపంలో అన్న మాట కాదు, రసాయనం. ఆరో వంతు బరువుతో బతికే మనిషి ఎముక రోజూ కాస్త కరుగుతుంది, మూత్రంలో పోతుంది. ఆ మూత్రం శుద్ధి తొట్టిలోకి, తొట్టి నుంచి గొట్టంలోకి, గొట్టం నుంచి మీ కాలనీకి, ఈ కోటలో మీ గ్లాసులోకి. ఆ గొట్టం పొడవు నాలుగు వందల ఇరవై కిలోమీటర్లు. మంచు గని దగ్గర మొదలై మీ వంటింట్లో ముగుస్తుంది. మధ్యలో ఇరవై ఒక్క వాల్వులు. వాటిని విప్పి, తుడిచి, బిగించే మనుషులం పద్దెనిమిది మందిమి, ఆరు బళ్లలో. మాలో ఒక్కరి పేరైనా మీకు తెలుసా?

నా పేరు కాత్యాయని. యాభై మూడేళ్లు. ఇల్లెందులో పుట్టాను, చంద్రుడి మీద ఏడేళ్లుగా వాల్వులు చూస్తున్నాను. లైను కార్మికుల తరఫున ఆఫీసుతో పోట్లాడేది కూడా నేనే. లైను దినచర్యను కోట నోటీసు గోడ మీద పెట్టాలని నిబంధన ఉంది. ఇన్నాళ్లూ అక్కడ ఒత్తిడి అంకెలు మాత్రమే పెట్టాం. ఈసారి మొత్తం పెడుతున్నాను, చదవండి.

బండిలో మేం ముగ్గురం. నడిపేది ఓబులమ్మ, అనంతపురం వైపు మనిషి. మూడో మనిషి అప్పలనరస, పూడిమడక రేవు నుంచి వచ్చిన గొట్టాల మేస్త్రి. పైకి వచ్చి తొమ్మిదేళ్ల అయిదు నెలలైంది. పదేళ్లు దాటినవాళ్లను మళ్లీ భూమికి దించరు, ఎముక ఆగదంటారు. దిగే ఓడలో సీట్లు ఏడాదికోసారి కేటాయిస్తారు. ఈసారి అతనికి వచ్చింది. అంటే అతనికి ఇదే మొదటి ఓడ, ఇదే ఆఖరి ఓడ.

గని నుంచి కోటకు ఇరవై ఒక్క రోజుల ప్రయాణం. ఇరవై మూడో రోజున అతనికి దిగుడు పరీక్ష. నలభై నిమిషాలు పరుగు, ముప్ఫై నిమిషాలు తెడ్డు, ఇరవై నిమిషాలు మెట్లు. పరుగూ మెట్లూ భూమి బరువు కింద చేయాలి. ఒక్కటి తప్పినా సీటు ఇంకొకరికి పోతుంది.

అక్కడ నీకోసం ఏముందని ఒకసారి అడిగాను. ఎవరూ లేరన్నాడు, పడవలో సగం వాటా తప్ప. వాళ్ల వైపు అక్కను అప్పా అంటారు.

"కెరటం మీదకి పడవ తోసీటప్పుడు మోకాళ్ల మీద ఓ బరువు పడతాది అప్పా. నాకా బరువు కావాల."

2వ రోజు

వాల్వుకూ వాల్వుకూ మధ్య ఇరవై కిలోమీటర్లు. గొట్టాన్ని చూసుకుంటూ పోవాలి కాబట్టి బండి రెండు గంటలు తీసుకుంటుంది. వాల్వు దగ్గర ఏడు గంటల పని. తర్వాత వంట, కడగడం, సూట్ల మరమ్మతు. దేహాన్ని నిలబెట్టుకోవడం వీటి సందుల్లోనే జరగాలి.

బండి కదిలే రెండు గంటల్లో పరుగు. నడవలో నేల మీద తిరిగే పట్టీ ఉంది. నడుముకు బెల్టు, బెల్టు నుంచి నేలకు నాలుగు రబ్బరు తాళ్లు. ఆ తాళ్లు మనిషిని కిందికి లాగితే కాళ్లకు భూమి తగులుతుంది. గతుకులొస్తే పరుగెత్తే మనిషి ఎటు పడతారో తెలియదు కాబట్టి ఓబులమ్మ ముందుగానే "గుంత" అని చెబుతుంది. నిన్న ఆలస్యంగా చెప్పింది. అప్పలనరస ఉప్పు డబ్బాల అరలో తేలాడు.

పని అయ్యాక మెట్లు. పనిముట్ల పెట్టె ఎక్కి దిగడం, అవే తాళ్లతో. మూడోది తెడ్డు. వాడిన నీళ్ల తొట్టిలో రెక్కల చక్రం బిగించి, దానికి తాడు చుట్టి, కూర్చుని లాగడం. దాన్ని తయారు చేసింది అప్పలనరసే. తొట్టి నీళ్లు కూడా కలియతిరుగుతాయి, ఆ మేరకు పంపుకు పని తగ్గింది.

మూడూ ఎందుకంటే, ఒక్క పరుగే చేస్తే గుండె బాగుంటుంది, వీపు పోతుంది. ఒక్క తెడ్డే వేస్తే వీపు బాగుంటుంది, తుంటి పోతుంది. మనిషి మాత్రం ఎప్పుడూ తనకు ఇష్టమైనదే చేస్తాడు. నాకు పరుగు, ఓబులమ్మకు మెట్లు, అప్పలనరసకు తెడ్డు. అందుకే లైను మీద మేం ఒక ఆచారం పెట్టుకున్నాం. ఇష్టమైనది ఆఖర్న. మిగతా రెండూ చేయనివాళ్లకు మూడోది దొరకదు. అప్పలనరస పరుగు పట్టీ మీద నిలబడి రోజూ తిట్టే తిట్లు నోటీసు గోడకు తగినవి కావు.

4వ రోజు

మీకు తెలియని ఒక గెలుపు గురించి చెప్పాలి. కోటలో ఉండేవాళ్లకు ఆరు వ్యాయామశాలలు. దిగే సీటు అడగాలంటే వాటి యంత్రాలు నమోదు చేసిన గంటలే లెక్క. నెలలో ఇరవై రెండు రోజులు లైను మీద ఉండే మాకు గంటలెక్కడివి? దానికి ఆఫీసు 'ప్రయాణ మినహాయింపు' అని ఒక కాగితం ఇచ్చింది. ప్రయాణ రోజుల్లో మీరు శిక్షణ చేయనవసరం లేదు, ఆ రోజులు లెక్కలోకి రావు అని. దయగల కాగితంలా కనిపిస్తుంది. కానీ గంటలు నిండవు కాబట్టి సీటు అడగడానికే అర్హత రాదు. నీళ్లు మోసుకొచ్చేవాడికి కిందికి దారి మూసేసి, దానికి మినహాయింపు అని పేరు పెట్టారు.

ఏడాదిన్నర పోట్లాడాను. ఎనిమిది నెలల క్రితం ఆఫీసువాళ్లు దిగొచ్చారు. లైను కార్మికులు సొంత సరంజామాతో శిక్షణ చేసుకోవచ్చు, తాళ్ల లాగుడు తూచి రాసుకోవాలి, అలా గంటలు నిండినవాళ్లకు పరీక్షలో ఎముక చిత్రం కూడా తీయరు. కోటవాళ్లకు ఉన్న హక్కే మాకూ. ఆ రోజు ఆరు బళ్లలోనూ పాయసం వండారు. తాళ్లు ఎలా కట్టాలో, ఎలా తూచాలో రేడియోలో అందరికీ చెప్పింది నేనే.

అప్పలనరసకు సీటు వచ్చింది ఆ గంటల మీదే.

7వ రోజు

ఏడో వాల్వు. బిళ్ల అరిగింది, మార్చాం. సూర్యుడు గుట్టల అంచు మీద కూర్చుని కదలడం లేదు. బండి నీడ కిలోమీటరు పొడవుంది. పరుగు యాభై నిమిషాలు చేశాను, ఆయాసం లేదు. ఈ వయసులో ఇంత బలం పుంజుకుంటానని అనుకోలేదు. కోట వ్యాయామశాలల్లో అద్దాల ముందు చెమట తుడుచుకునేవాళ్లను తలచుకుని కాస్త గర్వపడ్డాను. ఆ గర్వాన్ని కొట్టేయకుండా ఇక్కడే ఉంచుతున్నాను.

9వ రోజు

పొద్దున పరుగులో అప్పలనరస తాడు ఒకటి తెగింది. ఓబులమ్మ కొత్త రబ్బరు కోసి కట్టింది. తూచడానికి చూస్తే వంటింటి కొక్కెం త్రాసుకు దోసెల పిండి అంటుకుని ఉంది. కడిగే ఓపిక లేక, గొట్టాన్ని కదలకుండా పట్టి ఉంచే తీగల బిగువు చూసే మీటరు తీసి తగిలించింది. నాలుగు తాళ్లూ కలిపి యాభై అయిదు కిలోల లాగుడు ఉండాలి, అప్పలనరస ఒంటికి అది లెక్క. మీటరు తొమ్మిది దగ్గర ఆగింది.

మీటరు పాడైందన్నాను. త్రాసు కడిగి చూశాం. త్రాసు మీద యాభై అయిదు సరిగ్గా ఉంది. ఓబులమ్మ అయిదు కిలోల బియ్యం సంచి తెచ్చింది. త్రాసుకు తగిలిస్తే అయిదు. మీటరుకు తగిలిస్తే ఒకటి కూడా లేదు. సంచిని కింద పెట్టి, త్రాసును నా చేతికిచ్చింది.

"అక్కా, ఇది బియ్యం తూచేదానికి పెట్టిన త్రాసు. ఈడ కిలో బియ్యం కిలో అని చూపించల్ల గదా. అందుకని ఆరింతలు చేసి చూపించేట్ల దిద్దినారు. రబ్బరును గూడ ఆరింతలు చేసి చూపిస్తాండాది."

ఎనిమిది నెలలు. యాభై అయిదు అనుకుని అప్పలనరస తొమ్మిది కింద పరుగెత్తాడు. నలభై అయిదు అనుకుని నేను ఏడున్నర కింద పరుగెత్తాను. మరి ఒంటికి తెలియలేదా అని మీరు అడుగుతారు. ఇక్కడ అతని బరువు పదకొండు. తొమ్మిది కలిస్తే ఇరవై. బరువు రెట్టింపయితే, ఏళ్ల తరబడి ఆరో వంతుతో తిరిగిన కాళ్లకు అదే భూమి అనిపిస్తుంది. కాళ్లు మర్చిపోయాయి. గుర్తుచేసే పని త్రాసుకు అప్పగించాం.

బిగువు మీటరు బండిలోనే ఉంది కదా అని కూడా అడగండి. ఉంది. దాన్ని సొంతానికి వాడాలంటే ఆఫీసుకు దరఖాస్తు రాయాలి. ఆఫీసుకు దరఖాస్తు రాయనని నా పంతం. అందుకే అందరికీ వంటింటి త్రాసు చెప్పాను. తప్పు నాది. ఆఫీసు మా లెక్కలను ఎనిమిది నెలలు తీసుకుని ఒక్కసారీ తూచి చూడలేదు, అది వాళ్ల తప్పు. రెండోది ఉందని మొదటిది చిన్నదైపోదు.

మిగతా అయిదు బళ్లకూ రేడియోలో చెప్పాను. అందరూ బియ్యం త్రాసే వాడారు.

10వ రోజు

రేడియోలో జవాబు వచ్చింది. పదిహేను మందిదీ ఒకే మాట. మీటరుతో తూచి తాళ్లు బిగించుకుంటాం, కానీ నరస ఓడ ఎక్కేదాకా ఎవరూ నోరు విప్పం. గంటలు నిండి ఉన్నాయి కాబట్టి ఎముక చిత్రం తీయరు. గుండె గట్టిది, వీపు గట్టిది, పన్నెండు రోజులు నిజం బరువుతో పళ్లు బిగించి చేస్తే పరీక్ష గట్టెక్కొచ్చు.

ఇరవై ఏళ్లు ఐకమత్యం గురించి ఉపన్యాసాలిచ్చాను. అదే ఇప్పుడు ఎదురుగా వచ్చి నిలబడి, నోరు మూసుకోమంది. కానీ ఓడ దిగేటప్పుడు ఒంటి మీద నాలుగింతల భూమి పడుతుంది. పరీక్ష గుండెను చూస్తుంది, ఓడ ఎముకను చూస్తుంది.

ఇదంతా దినచర్యలో రాస్తానని అప్పలనరసకు చెప్పాను. రాస్తే ఎనిమిది నెలల గంటలు కొట్టేస్తారు, చిత్రం తీస్తారు, సీటు పోవచ్చు. అన్నీ చెప్పాను. అతను తెడ్డు ఆపలేదు.

"ఎముక నాది అప్పా. ఇరిగితే నాదిరుగుతాది."

నీదే, కానీ దాన్ని కరిగించింది నా లెక్క అన్నాను. అప్పుడు తాడు వదిలేశాడు.

"నీకు గెలవాల, అంతే. ఆపీసుతో గొడవైనా సరే, నాతో గొడవైనా సరే."

ఆ మాట కూడా కొట్టేయకుండా ఇక్కడే రాస్తున్నాను. కోటకు చేరేదాకా ఆఫీసుకు ఏమీ పంపనని మాత్రం మాటిచ్చాను.

11వ రోజు

మీటరుతో తూచి యాభై అయిదు బిగించాం. అప్పలనరస ఏడు నిమిషాలు పరుగెత్తి పట్టీ మీద కూర్చుండిపోయాడు. నాకు నాలుగు. ఓబులమ్మ మెట్లు పది ఎక్కి, పెట్టెను పట్టుకుని నవ్వింది. భూమి మీద ఇంత బరువుతోనే నీళ్లబిందె కూడా మోసేదాన్నంది, ఎవరిదో కథ చెబుతున్నట్టు.

నాతో ఇద్దరూ మాట్లాడడం లేదు. ఓబులమ్మ "గుంత" అని మాత్రం చెబుతోంది.

14వ రోజు

వాల్వు పని ఆరు గంటల్లో ముగించాం. పరుగును మూడు ముక్కలు చేశాం. ప్రయాణంలో పది నిమిషాలు, భోజనానికి ముందు పది, పడుకునే ముందు అయిదు. మెట్లు రోజు విడిచి రోజు. కండ నొప్పిని తట్టుకోవాలంటే ఒకే పనిని ఒకే చోట గుద్దకూడదు, తిప్పుతూ పోవాలి. తెడ్డు ఒక్కటే మార్చలేదు. దానికి తాళ్లు లేవు, త్రాసు లేదు. నీళ్ల ఎదురు ఇక్కడా అక్కడా ఒకటే. తన చేత్తో తయారు చేసుకున్నది మాత్రమే అతనికి ఎనిమిది నెలలూ అబద్ధం చెప్పలేదు.

ఇవాళ అప్పలనరస ప్రయాణంలోనే ఆగకుండా పదహారు నిమిషాలు పరుగెత్తాడు. గంజిలో ఉప్పు తక్కువైందని నాతో అన్నాడు. నాలుగు రోజుల్లో మొదటి మాట.

16వ రోజు

పదహారో వాల్వు లోతైన బావిలో ఉంది. నిచ్చెన ఎక్కి వస్తూ అప్పలనరస సగంలో ఆగాడు. కుడి తుంటిలో ఏదో గుచ్చిందన్నాడు. పైకి వచ్చి సూటు విప్పి కాలు చాపుకుని కూర్చున్నాడు. ఓబులమ్మ నువ్వుల నూనె వేడి చేసి తెచ్చింది. అతను తుంటి మీద చేయి వేసుకుని, అది తనదో కాదో చూసుకుంటున్నట్టు కాసేపు నొక్కుకున్నాడు.

రేవులో తన పెదనాన్న సంగతి చెప్పాడు. తుంటి విరిగి పదకొండేళ్లు మంచం మీద ఉన్నాడట. మంచాన్ని రోజూ గుమ్మం దాకా జరిపేవారట, సముద్రం కనిపించడానికి. పడవలు వచ్చినప్పుడల్లా ఆయన గోడ వైపు తిరిగిపోయేవాడట.

"రాసుకో అప్పా. కెరటంలో నిలబడ్డానికి ఎల్దామనుకున్నాను. గుమ్మంలోంచి సూడ్డానికైతే ఈ కిటికీ సాలు."

నేను సరేనన్నాను. అంతకంటే ఏమన్నా అబద్ధమే అయ్యేది. తర్వాత మేం ఇద్దరం వరసగా మెట్లు ఎక్కాం, తుంటి నొప్పి ఉన్న మనిషిని కూర్చోబెట్టి లెక్కపెట్టించాం. తప్పు లెక్కపెడుతున్నాడని ఓబులమ్మ అతనితో జగడమాడింది.

21వ రోజు

కోట చేరాం. మొదటి పనిగా ఆఫీసుకు వెళ్లి రాసినదంతా ఇచ్చాను. దేహ పరీక్షల అధికారి ఉదయశంకర్ చదివాడు. చెడ్డవాడు కాదు, చదువుతున్నప్పుడు ఒకసారి తన తుంటి తడుముకున్నాడు. తర్వాత మర్యాదగా పద్దెనిమిది మంది గంటలూ రద్దు చేశాడు, సొంత శిక్షణ హక్కును విచారణ దాకా ఆపేశాడు, మా బియ్యం త్రాసును సాక్ష్యంగా సంచిలో వేసి ముద్ర వేశాడు. అన్నీ కలిపి అరగంట. ఆ హక్కు తెచ్చుకోవడానికి మాకు ఏడాదిన్నర పట్టింది.

23వ రోజు

పరీక్షకు ఆరు బళ్లలో అప్పటికి కోటలో ఉన్న పదకొండు మందిమీ వెళ్లాం. నామీద కోపంగా ఉన్నవాళ్లు కూడా వచ్చారు, నాకు కాస్త దూరంగా నిలబడ్డారు.

ముందు ఎముక చిత్రం తీశారు. వెన్ను, భుజాలు హద్దు కంటే పైన. తెడ్డు పుణ్యం. తుంటి హద్దుకు పదకొండు శాతం కింద. అక్కడితో సీటు పోయింది. ఇక పరీక్ష అక్కర్లేదని ఉదయశంకర్ అన్నాడు. అప్పలనరస చెప్పులు విడిచి వెళ్లి తెడ్డు యంత్రం మీద కూర్చున్నాడు. ముప్ఫై నిమిషాలు లాగాలి. నలభై ఆరు లాగాడు. కోట వ్యాయామశాలలో పక్క యంత్రాల మీద ఉన్నవాళ్లు ఒక్కొక్కరే ఆగిపోయి చూశారు. వాళ్లలో మీరు కూడా ఉండి ఉంటారు. అతని పేరు అప్పలనరస. ఇప్పుడు తెలిసింది కదా.

దిగి, చెమట తుడుచుకుని, తుంటి ఎన్నాళ్లకు బాగుపడుతుందని అధికారిని అడిగాడు. రోజూ నిజం బరువుతో మూడు రకాలూ చేస్తే అయిదు నెలలు చాలన్నాడు అతను. పదేళ్లు నిండడానికి ఏడు నెలలుంది. వచ్చే సీట్ల కేటాయింపు ఏడాదికి. అంటే ఎముక సిద్ధమవుతుంది, మనిషి సిద్ధమవుతాడు, గడువు మాత్రం అయిదు నెలల ముందే చచ్చిపోతుంది.

ఆ ప్రయాణ మినహాయింపు కాగితాన్ని ఇవాళ మళ్లీ చదివాను. ప్రయాణ రోజులు లెక్కలోకి రావు అని ఉంది. ఏ లెక్కలోకి అని లేదు. శిక్షణ లెక్కలోకి రాని రోజు పదేళ్ల లెక్కలోకి ఎలా వస్తుంది? మీ ఆఫీసు రాసిన వాక్యమే, నేను కామా కూడా మార్చలేదు. నెలకు ఇరవై రెండు రోజులు తీసేస్తే అప్పలనరస పైకి వచ్చి రెండున్నరేళ్లు మాత్రమే అయింది. మిగతా ఏళ్లన్నీ మీరే మినహాయించారు.

రేపు పొద్దున మళ్లీ లైను మీదికి వెళ్తున్నాం. వాల్వులు కట్టేయం. మీ నీళ్లు మీకు వస్తాయి. తాగేటప్పుడు ఇవి చదవండి.

మా డిమాండ్లు:

1. ప్రయాణ రోజులను శిక్షణ లెక్కలో కలపండి, లేదా పదేళ్ల లెక్కలోంచి తీసేయండి. రెండూ కుదరదనడం కుదరదు.

2. తుంటి బాగుపడ్డాక అప్పలనరసకు వచ్చే ఓడలో సీటు.

3. ఆరు బళ్లలోనూ పరుగు పట్టీ, మెట్లు, తెడ్డు, సరైన మీటరు. దరఖాస్తు లేకుండా.

4. శిక్షణ గంటలు పని గంటల్లో భాగం. పడుకునే ముందు పరుగెత్తడం ఎవరికీ ఆరోగ్యం కాదు.

5. పద్దెనిమిది మందికీ ఈ నెలలోనే ఎముక చిత్రాలు.

6. సొంత శిక్షణ హక్కు వెంటనే తిరిగి ఇవ్వాలి. లెక్క తప్పింది నేను. శిక్ష వేయాలంటే నా సీటు హక్కు తీసుకోండి, మిగతా పదిహేడు మందిది కాదు.

7. మా త్రాసు మాకు ఇచ్చేయండి. అది ఏ తప్పూ చేయలేదు. రేపు దారిలో బియ్యం తూచుకోవాలి.